గోధుమ పండని నేలలో దివ్యసత్ప్రసాదం

కతోలిక క్రైస్తవుల ఆరాధనకు దివ్యసత్ప్రసాదమే గుండెకాయ. గోధుమ పిండితో చేసిన పలుచని అప్పం, పాత్రలో కొద్దిపాటి ద్రాక్షరసం దీనికి కావలసిన వస్తువులు. దివ్యబలిపూజలో గురువు చేసే ప్రార్థనతో ఇవి యేసు క్రీస్తు శరీర రక్తాలవుతాయని, విశ్వాసులు స్వీకరించేది ఆయననేనని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, బోధిస్తుంది. జ్ఞానస్నానం మొదలు వివాహం దాకా శ్రీసభకు 7 దివ్యసంస్కారాలున్నాయి. తక్కిన 6 సంస్కారాల్లో దైవానుగ్రహం అందుతుందని, దీనిలో మాత్రం ఆ అనుగ్రహాన్ని ఇచ్చేవాడే అందుతాడని వేదాంతులు తేడా చెబుతారు. అందుకే రెండో వాటికన్ మహాసభ 1964లో వెలువరించిన పత్రం క్రైస్తవ జీవితానికి ఊట, శిఖరం రెండూ దీనిలోనే చూసింది.

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మీద పండేవి పత్తి, మిరప, కంది, పొగాకు, నీరున్న చోట వరి. గోధుమ, ద్రాక్ష ఇక్కడి పంటలు కావు. అయినా ఫిరంగిపురం, రెంటచింతల వంటి ఊళ్ళలో తరతరాలుగా ఈ రెండింటి చుట్టూనే ఆదివారం తిరుగుతోంది. పాలస్తీనా పంటలతో మొదలైన ఒక భోజనం అన్నం తినే నేలలో ఎలా అర్థమైందో తెలియాలంటే ముందు దాని పేరు విప్పి చూడాలి.

పేరులో ఉన్న అర్థం

గ్రీకు మూలంలో దీని పేరు ‘యూకరిస్తియా’, అంటే కృతజ్ఞత తెలపడం. భోజనానికి ముందు రొట్టె చేతిలోకి తీసుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పే యూదుల అలవాటు నుంచి ఆ పేరు వచ్చింది. తెలుగు కతోలికులు ఆ మాటను అనువదించుకోలేదు, తమ చుట్టూ ఉన్న మాటల్లోంచి మరొకటి ఎంచుకున్నారు. ఊళ్ళలో ‘పూజకు పోయొచ్చాం’, ‘సత్ప్రసాదం తీసుకున్నాం’ అంటారు. పూజ చేసేవాడు గురువు, చేసే చోటు గుడి.

ఈ మాటల వెనుక పాత చరిత్ర ఉంది. ఇటలీకి చెందిన జెస్యూట్ గురువు రాబర్ట్ డి నొబిలీ 1606లో మదురై చేరాడు. తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చి, కాషాయం కట్టి, తత్త్వబోధక స్వామిగా పేరు తెచ్చుకున్నాడు. పోర్చుగీసు మాటలను అరువు తెచ్చుకునే బదులు గురువు, పూజ, ప్రసాదం, వేదం లాంటి మాటలనే క్రైస్తవ బోధకు వాడాడు. ఆ ఒరవడి తర్వాతి జెస్యూట్ల ద్వారా తెలుగు నేలకూ చేరింది. దేవుడి అనుగ్రహాన్ని తెలుగు కతోలికులు నేటికీ ‘వరప్రసాదం’ అనే అంటారు.

ప్రసాదం అంటే తెలుగువారికి ఎవరూ వివరించనక్కరలేదు. ఇంటినుంచి పట్టుకెళ్ళిన కొబ్బరికాయో పొంగలో దేవుడి ముందు నైవేద్యమవుతుంది, తిరిగి చేతికొచ్చేసరికి ప్రసాదమవుతుంది. మనిషి ఇచ్చింది దేవుడి వరమై మళ్ళీ మనిషి దగ్గరికే వస్తుంది. దివ్యబలిపూజ నడక కూడా ఇదే. జనం అప్పాన్ని, ద్రాక్షరసాన్ని పీఠం దగ్గరికి తెస్తారు, అవి అర్పణ అవుతాయి, ఆపైన వారి చేతికే తిరిగి వస్తాయి.

అయితే ఈ పోలిక రెండు చోట్ల ఆగిపోతుంది. నైవేద్యంగా పెట్టిన పొంగలి ప్రసాదమయ్యాకా పొంగలే, దానికి దైవస్పర్శ తోడవుతుంది. సత్ప్రసాదం విషయంలో మాత్రం ఇచ్చిన వస్తువే ఇచ్చే దేవుడిగా మారుతుందని శ్రీసభ విశ్వాసం. ముందు చేర్చిన ‘దివ్య’, ‘సత్’ అనే రెండు మాటలూ ఆ దూరాన్ని చెప్పడానికే. ఇక రెండోది, గుడి ప్రసాదం వచ్చిన వారందరికీ పంచుతారు. సత్ప్రసాదం జ్ఞానస్నానం పొంది, శ్రీసభ విశ్వాసాన్ని అంగీకరించి, సిద్ధపడిన వారికే ఇస్తారు. పెళ్ళి పూజల్లో, మృతుల పూజల్లో ఇతర మతాల బంధుమిత్రులు కూడా ఉంటారు కాబట్టి సత్ప్రసాదం పంచేముందు గురువులు తరచు ఈ సంగతి మైకులో చెబుతుంటారు. ‘ప్రసాదం’ మాట విని ప్రేమగా చేయి చాచిన అతిథి నొచ్చుకోకుండా ఉండేందుకు ఆ ప్రకటన.

‘అప్పం’ మాట కూడా ఇలాంటిదే. తెలుగింట్లో అప్పమంటే బియ్యప్పిండి, బెల్లం కలిపి నూనెలో వేయించే పిండివంట. కతోలికుల పవిత్ర గ్రంథంలోనూ పూజలోనూ అది రొట్టెకు పేరైంది.

గ్రంథంలో దీని మూలాలు

బైబిలు పాత నిబంధనలో దీనికి ముందు నీడలు మూడు కనిపిస్తాయని శ్రీసభ చెబుతుంది. ఆదికాండం 14వ అధ్యాయంలో మెల్కీసెదెకు అనే రాజు, యాజకుడు కూడా అయినవాడు, యుద్ధం నుంచి తిరిగొస్తున్న అబ్రహాముకు రొట్టె, ద్రాక్షరసం తెచ్చి దీవిస్తాడు. నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడే రాత్రి ఇశ్రాయేలీయులు గొర్రెపిల్లను వధించి, దాని రక్తాన్ని గుమ్మాలకు పూసి, పులియని రొట్టెతో ఆ మాంసాన్ని తింటారు. ఏటా ఆ రాత్రిని తలుచుకునేదే పాస్క పండుగ. అదే గ్రంథం 16వ అధ్యాయంలో ఎడారిలో ఆకలితో సణిగిన జనానికి ఆకాశం నుంచి మన్నా కురుస్తుంది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, దాచుకుంటే పురుగు పడుతుంది.

ఈ మూడు పోగులూ యేసు చివరి రాత్రి భోజనంలో ఒకటయ్యాయి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడూ ఆ ఘట్టాన్ని పాస్క పండుగ నేపథ్యంలోనే చెబుతాయి. యెరూషలేములో ఒక మేడగదిలో యేసు శిష్యులతో కూర్చుని రొట్టె తీసుకుని, స్తుతించి, విరిచి పంచుతూ అది తన శరీరమన్నాడు. పాత్ర అందిస్తూ అది అనేకుల కోసం చిందే తన రక్తమని, దేవుడికీ మనుషులకూ మధ్య కొత్త ఒడంబడిక అని చెప్పాడు. తన జ్ఞాపకార్థం అలా చేస్తూ ఉండమన్న ఆజ్ఞను లూకా రాశాడు, పౌలూ రాశాడు. మర్నాడే ఆయనకు సిలువ మరణం. భోజనబల్ల మీద మాటల్లో ఇచ్చుకున్న శరీరాన్నే సిలువ మీద నిజంగా ఇచ్చాడని, అందుకే ఆ రెండు ఘటనలనూ విడదీయలేమని శ్రీసభ వివరణ.

ఈ సంగతిని చెప్పిన రచనల్లో పాతది సువార్త కాదు, పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ. అది సుమారు క్రీ.శ. 55 నాటిది. పౌలు ఈ వృత్తాంతాన్ని ఎత్తుకున్నది ఒక తగువు తీర్చడానికి. కొరింతు సంఘంలో కలిగినవారు ముందే వచ్చి తెచ్చుకున్నది తిని తాగి కూర్చునేవారు, పనులు ముగించుకుని వచ్చే పేదలు ఆకలితో మిగిలేవారు. అలా తినేది ప్రభువు భోజనం కానే కాదని 11వ అధ్యాయంలో పౌలు మందలించాడు. అంతకు ముందు అధ్యాయంలో, అందరూ ఒకే రొట్టెలో పాలుపంచుకుంటున్నారు కాబట్టి అందరూ కలిసి ఒకే శరీరమని తేల్చాడు.

యోహాను సువార్త దారి వేరు. చివరి భోజనం దగ్గర రొట్టె ముచ్చట ఆ సువార్తలో లేదు, శిష్యుల పాదాలు కడిగిన సంఘటన ఉంది. రొట్టె గురించిన బోధ ముందే 6వ అధ్యాయంలో వచ్చేస్తుంది. 5 రొట్టెలు, 2 చేపలతో 5,000 మందికి కడుపు నింపిన మర్నాడు యేసు తానే జీవాహారమని, తన శరీరాన్ని తిని రక్తాన్ని తాగినవారికే నిత్యజీవమని అంటాడు. విన్నవారిలో చాలామందికి అది మింగుడుపడలేదు, శిష్యుల్లోనే కొందరు వెనుదిరిగి వెళ్ళిపోయారు. ఆయన వాళ్ళను పిలిచి తన మాటను పోలికగా తీసుకోమనలేదు. కతోలికులు ఈ అధ్యాయాన్ని ఎత్తి చూపేది ముఖ్యంగా ఈ సంగతి కోసమే.

మారేదేమిటి, మారనిదేమిటి

యేసు తర్వాత ఒక శతాబ్దం తిరిగేసరికే ఈ భోజనానికి నేటి పూజ రూపురేఖలు వచ్చాయి. రోమ్‌లో ఉన్న జస్టిన్ అనే తత్త్వవేత్త సుమారు క్రీ.శ. 155లో చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారం కూడిక ఎలా జరిగేదో వర్ణించాడు. గ్రంథ పఠనం, దానిపై ప్రసంగం, అందరి ప్రార్థన, రొట్టె, నీళ్ళు కలిపిన ద్రాక్షరసం తేవడం, పెద్ద చేసే కృతజ్ఞతా ప్రార్థన, జనమంతా ఆమెన్ అనడం, ఆపైన పంపకం. రాలేనివారికి పరిచారకులు ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేవారని కూడా రాశాడు. 1,800 ఏళ్ళు దాటినా ఈ క్రమం ఎక్కడా తారుమారు కాలేదు.

అప్పం శరీరంగా మారడాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న చర్చ మధ్యయుగాల్లో ముదిరింది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ, 1551లో ట్రెంట్ మహాసభ ఈ విశ్వాసానికి స్థిరమైన మాటలు ఇచ్చాయి. వాటి సారం ఇది: అప్పం రంగు, రుచి, బరువు, వాసన ఏవీ మారవు, అది అసలు ఏమిటన్నదే మారుతుంది. పచ్చిమిర్చి చెట్టుమీదే పండి ఎర్రబడితే రంగు మారుతుంది, రుచి మారుతుంది, అయినా అది మిరపకాయే. సత్ప్రసాదంలో జరిగేది దీనికి తలకిందులు. పైకి కనిపించేదంతా ఉన్నట్టే ఉంటుంది, లోపలి వస్తువు వేరవుతుంది. ప్రయోగశాలలో పరీక్షిస్తే గోధుమ పిండే తేలుతుందని కతోలికులూ కాదనరు. వారి విశ్వాసం పరీక్షకు అందే గుణాల గురించినది కాదు.

ఇది బలి కూడా అన్నది రెండో బోధ. పూజను ‘దివ్యబలి’ అనడం విని ప్రతి ఆదివారం క్రీస్తు మళ్ళీ మళ్ళీ మరణిస్తాడని అనుకోవడం పొరపాటు. సిలువ మీద బలి ఒక్కసారే జరిగింది. అదే బలి ప్రతి పూజలో రక్తం చిందకుండా మళ్ళీ ఎదుటికొస్తుందని, అందులో పాల్గొనేవారు సిలువ దగ్గర నిలబడినట్టేనని శ్రీసభ బోధ. చనిపోయినవారి పేరున, జబ్బుపడినవారి పేరున, పంట చేతికొచ్చినందుకు కృతజ్ఞతగా కుటుంబాలు ‘పూజ చెప్పించడం’ ఈ నమ్మకం మీద నిలిచిన అలవాటే.

గుంటూరు, ఒంగోలు ప్రాంతంలో ఈ బోధకు పక్కనే మరో రెండు అర్థాలు కూడా బతుకుతున్నాయి. అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు. ఆ సంప్రదాయపు ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1927లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేశాడు. పెద్ద కరవు వెన్నంటి 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సత్ప్రసాదాన్ని లూథరన్లు ‘సంస్కారం’ అంటారు, బాప్తిస్టులు ‘ప్రభు రాత్రి భోజనం’ అనో ‘బల్ల’ అనో అంటారు. రొట్టె రొట్టెగానే ఉండగా దానితో పాటు క్రీస్తు శరీరమూ నిజంగా ఉంటుందని లూథరన్ల బోధ. ఆయన మరణాన్ని గుర్తు చేసుకునే ఆచరణగా బాప్తిస్టులు దీన్ని చూస్తారు. ఒకే ఊళ్ళో రెండు మూడు సంఘాల గుళ్ళున్న చోట మనిషి ‘సత్ప్రసాదం’ అన్నాడా, ‘సంస్కారం’ అన్నాడా, ‘బల్ల’ అన్నాడా అన్నదాన్ని బట్టి ఏ గుడికి వెళతాడో చెప్పేయవచ్చు.

గురువు లేనిదే పూజ లేదు

కతోలిక విశ్వాసం ఈ మైదానాలకు చేరింది 18వ శతాబ్దంలో. ఫ్రెంచి జెస్యూట్లు నడిపిన కర్నాటక మిషన్‌లో రాయలసీమ వైపు క్రైస్తవులైన రెడ్డి కుటుంబాలు అక్కడి నుంచి కదిలి గుంటూరు ప్రాంతపు ఊళ్ళలో స్థిరపడ్డాయి. 1773లో పోపు జెస్యూట్ సభను రద్దు చేయడంతో మిషన్‌కు గురువుల కరవు వచ్చిపడింది. జపాలు ఇంట్లో చెప్పుకోవచ్చు, జ్ఞానస్నానం అవసరమైతే ఎవరైనా ఇవ్వవచ్చు. దివ్యబలిపూజ మాత్రం అభిషిక్తుడైన గురువు లేనిదే జరగదు. గురువు ఊరికి రావడమంటే పూజ రావడమే.

లండన్ కేంద్రంగా 1866లో మొదలైన మిల్‌హిల్ సభ గురువులు 1870ల నుంచి మద్రాసు మిషన్ బాధ్యత తీసుకున్నాక ఇక్కడి విచారణలు, అంటే ఒక్కో గురువు చూసుకునే ఊళ్ళ గుంపులు, మళ్ళీ నిలదొక్కుకున్నాయి. వారిలో థియోడర్ డీక్‌మన్ పేరు ఫిరంగిపురంలో ఇప్పటికీ వినిపిస్తుంది. గుంటూరు, నరసరావుపేటల మధ్య రైలు దారిలో ఉన్న ఆ ఊళ్ళో 19వ శతాబ్దం చివర ఆయన కట్టించిన బాలయేసు దేవాలయం ఈ ప్రాంతపు పెద్ద కతోలిక దేవాలయాల్లో ఒకటి. మేత్రాసనం అంటే ఒక పీఠాధిపతి పరిధి. నెల్లూరు మేత్రాసనం 1928లో, దాన్నుంచి వేరుపడి గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడ్డాయి. గుంటూరుకు మొదటి పీఠాధిపతి తెలుగువారైన థామస్ పోతకమూరి. ఒంగోలు వైపు విచారణలు నెల్లూరు మేత్రాసనం కిందే ఉన్నాయి.

నేడు గురువులు చాలామంది ఉన్నా ఒక్కో విచారణ కింద పలు గ్రామాలు ఉండటం మామూలు. పెద్ద ఊళ్ళో ప్రతి ఆదివారం పూజ, చుట్టుపక్కల పల్లెలకు వంతుల వారీగా. గురువు రాని ఆదివారం పల్లెలో మతబోధ చేసే ఉపదేశి ప్రార్థన నడిపిస్తాడు, వాక్యం చదువుతాడు. అర్పణ మాత్రం జరగదు. ‘ఈ వారం ఫాదర్‌గారు వస్తారా?’ అన్న ప్రశ్నకు ఆ పల్లెల్లో ఇంత బరువు ఉంది.

పూజ నడిచే తీరు

పల్లె గుడి గడప బయట చెప్పులు వరసగా ఉంటాయి. లోపల చాపల మీద ఒకవైపు ఆడవారు, ఒకవైపు మగవారు. ఆడవారి తలల మీద కొంగు. పీఠం మీద తెల్లని వస్త్రం, రెండు కొవ్వొత్తులు, సిలువ. పక్కన గోడలో లేదా పీఠం వెనుక చిన్న మందసం, దాని దగ్గర ఎప్పుడూ వెలిగే ఎర్రదీపం. లోపల సత్ప్రసాదం ఉందని చెప్పే గుర్తు ఆ దీపమే.

పూజలో రెండు పెద్ద భాగాలున్నాయి. మొదటిది వాక్యం. పాపాలకు క్షమాపణ అడిగాక సాధారణంగా పాత నిబంధన నుంచి ఒక పఠనం, కీర్తన, ఆదివారాల్లో లేఖల నుంచి మరో పఠనం, అందరూ లేచి నిలబడి వినే సువార్త, ఆపైన ప్రసంగం. రెండో భాగం అర్పణతో మొదలవుతుంది. కొందరు వరసగా నడిచి అప్పాలు, ద్రాక్షరసం, కానుకలు తెస్తారు. పండుగలప్పుడు వాటితో పాటు పంటా వస్తుంది. గురువు అప్పాన్ని ఎత్తి చెప్పే ప్రార్థనలో భూమి ఇచ్చిన పంటకూ మనిషి చేతుల కష్టానికీ రెండింటికీ చోటుంది. నడుం వంచి పత్తి తీసేవారికీ, కళ్ళంలో ఎండబెట్టిన కాయల్లోంచి తాలుకాయలు ఏరేవారికీ అది పరాయి మాట కాదు. ద్రాక్షరసంలో గురువు ఒకటి రెండు చుక్కల నీళ్ళు కలుపుతాడు. అలా కలిసిన నీటిని మళ్ళీ విడదీయలేం. దేవుడి జీవితంలో మనిషి కలవడానికి ఆ చుక్కలు గుర్తు.

తర్వాత జరిగే దీర్ఘమైన కృతజ్ఞతా ప్రార్థన పూజకు పట్టుకొమ్మ. గురువు అప్పం, పాత్రల మీద చేతులు చాపి పవిత్రాత్మను ఆహ్వానిస్తాడు. చివరి రాత్రి భోజనం నాటి యేసు మాటలను ఆయన మాటలుగానే పలుకుతాడు. అప్పాన్ని, తర్వాత పాత్రను పైకెత్తినప్పుడు చిన్న గంట మోగుతుంది. మోకాళ్ళ మీద ఉన్న జనం తలలు వంచుతారు. చనిపోయినవారినీ బతికున్నవారినీ తలుచుకున్నాక అందరూ కలిసి పరలోక జపం చెబుతారు, పక్కవారికి నమస్కరించి సమాధానం పంచుకుంటారు. గురువు పెద్ద అప్పాన్ని విరుస్తాడు. వరసలో వచ్చిన ప్రతి ఒక్కరి ముందు సత్ప్రసాదం చూపి అది క్రీస్తు శరీరమని చెప్పినప్పుడు స్వీకరించేవారు ఆమెన్ అంటారు. ఆ ఒక్క మాట, ఎదుట ఉన్నదేమిటో తాము నమ్ముతున్నామని చెప్పే ఒప్పుకోలు.

ఆ అప్పం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. పాత రూపాయి బిళ్ళంత వెడల్పు, కాగితం కన్నా కాస్త మందం. గోధుమ పిండి, నీళ్ళు తప్ప ఉప్పు, ఈస్టు, నూనె ఏవీ ఉండవు. సిలువ గుర్తు చెక్కిన రెండు వేడి ఇనుప పలకల మధ్య జారుపిండి పోసి కాలుస్తారు, తర్వాత గుండ్రంగా కత్తిరిస్తారు. ఈ పని ఎక్కువగా మఠాల్లో కన్యస్త్రీలు చేస్తారు. నాలుక మీద పెట్టుకుంటే రుచి దాదాపు తెలియకుండానే కరిగిపోతుంది. బియ్యప్పిండితోనో జొన్నపిండితోనో చేయడానికి శ్రీసభ చట్టం ఒప్పుకోదు. అప్పం గోధుమదే కావాలి, రసం కల్తీలేని ద్రాక్షదే కావాలి. యేసు చేతిలోకి తీసుకున్నవే తీసుకోవాలన్నది ఇక్కడి నియమం. స్థానికత మాటల్లో, పాటల్లో, కూర్చునే తీరులో ఉండవచ్చు, ఆ రెండు వస్తువుల్లో మాత్రం కుదరదు. జనం ఎక్కువగా అప్పాన్ని మాత్రమే స్వీకరిస్తారు. రెండింట్లో దేనిలోనైనా క్రీస్తు పూర్తిగా ఉంటాడు కాబట్టి లోటు లేదని బోధ.

లాటిన్ నుంచి తెలుగులోకి

1960ల దాకా ఈ పూజంతా లాటిన్‌లో, గురువు పీఠం వైపు తిరిగి చేసేవాడు. జనం జపమాల చెప్పుకుంటూ గంట మోగినప్పుడు తలెత్తి చూసేవారు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధనపై వెలువరించిన పత్రం ప్రజల భాషకు తలుపు తెరిచింది. మరుసటి ఏడే బొంబాయిలో అంతర్జాతీయ సత్ప్రసాద మహాసభ జరిగింది, దానికి వచ్చిన ఆరో పౌలు భారతదేశంలో అడుగుపెట్టిన మొదటి పోపు. 1969లో భారతీయ పద్ధతులకు సంబంధించి 12 అంశాలకు రోమ్ అనుమతి ఇచ్చింది. నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి, నూనె దీపం వంటివి పూజలో చేరడానికి వీలైంది అప్పుడే. ఎన్నో ఏళ్ళ కిందట ‘ప్రసాదం’ అన్న మాట చేసిన పనిని ఈసారి ఒంటి కదలికలు చేశాయి.

సిద్ధపాటు, పండుగలు

సత్ప్రసాదం తీసుకునేవారు గంట ముందు నుంచి నీళ్ళు, మందులు తప్ప ఏమీ తినకూడదు. పూర్వం అర్ధరాత్రి నుంచే ఉపవాసం ఉండేది. ఘోరపాపం చేసినవారు ముందు పాపసంకీర్తనం చేసుకోవాలి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలి. ఏడాదికి ఒక్కసారైనా, క్రైస్తవుల పాస్క (ఈస్టర్) కాలంలో, స్వీకరించాలన్నది కనీస నియమం. పదో పయస్ పోపు 1910లో మంచిచెడులు తెలిసే వయసు, అంటే సుమారు 7 ఏళ్ళు వచ్చిన పిల్లలకు దీన్ని ఇవ్వవచ్చని తేల్చాడు. అప్పటినుంచి మొదటి సత్ప్రసాదం పిల్లల పండుగైంది. కన్యస్త్రీలో ఉపదేశులో పాఠాలు చెప్పి సిద్ధం చేస్తారు. ఆ రోజు పిల్లలు తెల్ల బట్టల్లో కొవ్వొత్తులు పట్టుకుని వరసగా నడుస్తారు, ఇంట్లో బంధువులకు భోజనాలుంటాయి.

ఏడాది మొత్తంలో దీనికి పుట్టినరోజు పవిత్ర గురువారం. పాస్క తేదీని బట్టి అది మార్చి 19కీ ఏప్రిల్ 22కీ మధ్య వస్తుంది. ఈ మైదానాల్లో అప్పటికి మిరప కళ్ళాలు ఎర్రగా పరిచి ఉంటాయి, మిరప బస్తాలు గుంటూరు యార్డుకు కదులుతుంటాయి. పగలంతా పనిచేసి వచ్చినవారు సాయంత్రం పూజకు చేరతారు. గురువు నడుముకు తువ్వాలు చుట్టుకుని 12 మంది పాదాలు కడుగుతాడు. 2016 నుంచి ఆ పన్నెండు మందిలో స్త్రీలూ ఉండవచ్చు. పూజ అయ్యాక సత్ప్రసాదాన్ని ఊరేగింపుగా వేరే పీఠానికి చేర్చి అర్ధరాత్రి దాకా వంతుల వారీగా ఆరాధన చేస్తారు. మర్నాడు శుభ శుక్రవారం ఏడాదిలో పూజ లేని రోజు. ముందు రోజు ప్రతిష్ఠించి ఉంచిన సత్ప్రసాదాన్నే ఆ రోజు పంచుతారు.

రెండో పండుగ క్రీస్తు శరీర రక్తాల మహోత్సవం. నాలుగో అర్బన్ పోపు 1264లో దీన్ని శ్రీసభ అంతటికీ ప్రకటించాడు. ఎక్కువగా జూన్‌లో, ఏరువాక సాగే రోజుల్లో వస్తుంది. సూర్యబింబంలా చుట్టూ కిరణాలున్న పాత్రలో పెద్ద అప్పాన్ని ఉంచి, గొడుగు పట్టి, పూలు చల్లుతూ వీధుల్లో ఊరేగిస్తారు. నవంబరు 2న సమాధుల పండుగ. శ్మశానంలో సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే పూజ చేయిస్తారు. పత్తి తీతల వేళ అది.

ఒకే పంక్తి

కొరింతు తగువు ఇక్కడికీ వచ్చింది. కులం పేరున కూర్చునే చోటు, శ్మశానం వేరుపడిన చరిత్ర దక్షిణాది శ్రీసభకూ ఉంది. తెలుగు నేలలో కతోలికులైనవారిలో రెడ్లు, కమ్మవారు ఉన్నారు, మాలలు, మాదిగలు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. పక్కపక్కన కూర్చుని తినడమే తప్పుగా చూసిన సమాజంలో ఒకే పాత్రలోంచి, ఒకే చేతి మీదుగా, ఒకే వరసలో నిలబడి ఆహారం అందుకోవడం చిన్న సంగతి కాదు. గుడి బయట ఆ వరస చెదిరిపోతే పౌలు మందలింపు మళ్ళీ వర్తిస్తుంది. శ్రీసభలో కుల వివక్షను భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య పాపంగా ఖండించింది, 2016లో దళితుల సాధికారతకు ఒక విధానాన్ని ప్రకటించింది. ఉమ్మడి కర్నూలు జిల్లాకు చెందిన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిని 2022 ఆగస్టులో పోపు ఫ్రాన్సిస్ కార్డినల్‌గా నియమించాడు. ఆ పదవి పొందిన మొదటి తెలుగువారు, మొదటి దళితులు ఆయనే.

మందసంలో మిగిలింది

పూజలో పంచగా మిగిలిన సత్ప్రసాదాన్ని పారేయరు, మందసంలో భద్రం చేస్తారు. ఎర్రదీపం వెలిగేది దానికోసమే. దాని ముందు కూర్చుని మౌనంగా ప్రార్థించే ఆరాధన ఈ అలవాటు నుంచే పెరిగింది. దాచడానికి అసలు కారణం మాత్రం గుడికి రాలేనివారు. గురువు చిన్న మూత డబ్బాలో ఒకటో రెండో అప్పాలు ఉంచుకుని మంచం పట్టినవారి ఇంటికి వెళతాడు. ఇంటివారు చిన్న బల్లమీద తెల్లబట్ట పరిచి, సిలువ పెట్టి, కొవ్వొత్తి వెలిగిస్తారు. అప్పం మింగలేనివారికి చిన్న ముక్క చాలు, దానితో గుక్కెడు నీళ్ళు. చావుబతుకుల్లో ఉన్నవారికి ఇచ్చినప్పుడు శ్రీసభ దాన్ని ప్రయాణానికి కట్టే బత్తెంగా చెబుతుంది. రాలేనివారికి వారి వంతు ఇంటికి చేర్చడం జస్టిన్ కాలంలో రోమ్‌లో ఎలా ఉందో మిరప కళ్ళాల పక్క వీధిలోనూ అలాగే ఉంది.